ఏడో మెట్టు మీద అక్రోటు బెట్ట

ఒకటో నమోదు. కృత్తిక కార్తె

మీరు దీన్ని చదవడం లేదు. అక్రోటు నూనె డబ్బా మూత తెరుచుకోవడానికి ఈ పుటను వేలితో పైకి తోస్తున్నారు.

నాకు తెలుసు. తినేవాడు పండించినవాడి రోజులు చదవాలని మీ తాతల కాలంలో చట్టం చేశారు. మంచి చట్టం. దాని కోసం జైళ్లకు పోయినవాళ్లున్నారు. పుట చదివితే తప్ప మూత రాకుండా డబ్బాకు తాళం బిగించారు. మీరేం చేశారు? వేలు ఎంతసేపు ఆనిస్తే తాళం నమ్ముతుందో కనిపెట్టారు. మీ పిల్లలకూ నేర్పారు. పెనం మీద దోసె ఉంది, మాడిపోతుంది అంటారా? మాడనివ్వండి. ఈ ఒక్కసారికి మాడనివ్వండి.

నా పేరు మారెక్క. ఉత్తరాది మంచుకొండ మీద పన్నెండు మెట్లుగా చెక్కిన అక్రోటు తోటల్లో ఏడో మెట్టు మాది. నలభై ఇళ్లు. అందరం అనంతపురం వైపు వాళ్లం. మా ఊళ్లున్న చోట ఇప్పుడు మీ పట్నాన్ని చల్లబరిచే కరెంటు కోసం ఎండపలకలు పరిచి ఉన్నాయి. మా ముత్తాతలు చీనీ పండించారు. మీరు దాన్ని బత్తాయి అంటారు. ఇక్కడ అక్రోటు చెట్లు నాటినవాళ్లు మంచు వెంట ఇంకా పైకి వెళ్లిపోయారు. చెట్లను మాకు అప్పగించారే గాని, వాటి సంగతులు చెప్పడానికి వాళ్ల భాష మాకు రాదు, మా భాష వాళ్లకు రాదు. అందుకని మాకు తెలిసిన కార్తెలతోనే ఈ కొండనూ లెక్కపెడుతున్నాం.

ఈ ఉదయం కాలవ తూము దగ్గర కొలగాడు మాట్లాడాడు. కొలగాడంటే తూముకు బిగించిన యంత్రం. ఎవరి వంతు నీళ్లు ఎంతో అదే కొలిచి వదులుతుంది. మర్యాద ఎక్కువ దానికి.

"ఏడో మెట్టు వారికి నమస్కారం. కొండ మీద మంచు తక్కువగా ఉన్నందున ఈ వేసవి మీ వంతులో సగం మాత్రమే విడుదల చేయగలం. అసౌకర్యానికి చింతిస్తున్నాం."

"చింతిస్తాండాదంటప్పా," అన్నాడు నా మొగుడు తిప్పేస్వామి. "పాపం, పొద్దున ఏమన్నా తిన్యాదో లేదో."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఏడాది లెక్క అని ఒకటుంది. ఈ ఏడు తాగిన నీటికి ఈ ఏడే గింజ చూపించాలి. కనీస తూకం అందకపోతే ఆ మెట్టు మొత్తాన్ని దించేస్తారు. దించడమంటే పలకల పొలాలకు పంపడం. ఆ నియమం ఆకాశం నుంచి ఊడిపడలేదు. మీరు ఓటేస్తే వచ్చింది.

తిప్పేస్వామి పదకొండు వేసవులు అక్కడ పలకలు కడిగాడు. తాగిన నీళ్లన్నీ చెమటగా పోయి, చివరికి మూత్రపిండాలు ఎండిపోయాయి. ఇంకో వేసవి కింద గడిపితే మనిషి దక్కడని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. అందుకని కనీస తూకం మాట వినబడితే నేను నవ్వలేను.

మధ్యాహ్నం కాలవగట్టున కూర్చున్నాం. కుళ్లాయప్పన్న మా మెట్టుకు పెద్ద. మా పెద్దమ్మ కొడుకు.

"సగమే అయితే సగమే కానీ," అన్నాడు. "మనకేమన్నా కొత్తనా? చీనీకి బెట్ట పెట్టినోళ్లం మనం. నీళ్లు కట్టేస్తే చెట్టు బెదురుతాది. బెదిరిందంటే కాపు మీద పడతాది. మా ముత్తాత ఆకు ముడుచుకునేదాంకా తడి పెట్టేటోడే కాదంట."

చెప్పింది అబద్ధం కాదు. చీనీ తోటకు కొన్ని వారాలు నీళ్లు ఆపేసి, చెట్టు వాడి ఆకు రాల్చే వేళకు ఒక్కసారిగా తడి ఇస్తే, తోటంతా పూత కమ్ముకునేది. దాన్నే బెట్ట పెట్టడం అంటారు. ఈ కొండకు వచ్చినప్పటి నుంచి మాకేమీ తెలియదనే మాట తప్ప మేం వేరే మాట వినలేదు. తాతల విద్య ఒకటి పనికొస్తుందనేసరికి అందరి ముఖాలూ వెలిగిపోయాయి. ఆ వెలుగు చూస్తూ కాదనడం కష్టం. నేను కాదన్నాను.

"అన్నా, చీనీ ఏడాది పొడుగునా ఆకుతో ఉండే చెట్టు. ఇది చలికాలం ఆకంతా రాల్చి మొండిగా నిలబడే చెట్టు. దానికీ దీనికీ ఒకటే వైద్యమా?"

"చెట్టు చెట్టే గదా మారీ."

"మనిషీ మనిషే గదా. నీ బీపీ బిళ్ల నేను మింగుతా, నా మోకాలి బిళ్ల నువ్వు మింగు."

మా దగ్గర చేతులెత్తడం లేదు. పెద్ద చెప్పిన మాటకు ఔనంటే కాలవ కుడిగట్టున పార పెడతాం, కాదంటే ఎడమగట్టున. కుడిగట్టు పారలతో నిండిపోయింది. నా మొగుడి పార కూడా అక్కడే ఉంది.

"ఇంట్లో ఎట్లా నీ మాటే," అన్నాడు తిప్పేస్వామి నా వైపు చూడకుండా. "కాలవ కాడన్నా నాదొక మాట ఉండనీ."

కుళ్లాయప్పన్న దయ తలిచాడు. "ఆ చివరి వరుస నీకు ఇడిచిపెడతాండా. నీ ఇంటి నీళ్లు పోసుకో. కాలవ నీళ్లు మాత్రం చుక్క ముట్టేది లేదు."

రెండో నమోదు. ఆరుద్ర కార్తె

పొద్దుటి నుంచీ చెట్లకు సున్నపు నీళ్లు చల్లుతున్నాం. పడమటి ఎండ తగిలే వైపు కాయలు కమిలిపోతున్నాయి. పచ్చి తొక్క మీద కాలిన చుట్ట అంటించినట్టు నల్ల మచ్చ. పగలగొడితే లోపల పప్పు ముడుచుకుపోయి చేదెక్కి ఉంటుంది. సున్నం పడితే ఎండ కొంత వెనక్కి తగ్గుతుంది. తోటంతా పెళ్లికి వెల్ల వేసిన ఇల్లులా తెల్లగా ఉంది.

కాయ సంగతి మీ చెవికెక్కుతుంది. మీరు తినేది అదే గనక. నేను చెప్పాల్సింది రెమ్మ సంగతి.

బెట్ట పెట్టిన చెట్ల మీద ఈ ఏటి రెమ్మ నా చూపుడువేలంత పెరిగి ఆగిపోయింది. కొస ముడుచుకుంది. చివరి వరుసలో మూరెడు సాగింది, ఇంకా లేతగా ఊగుతోంది. ఆ వరుసకు నేను పోస్తున్నది స్నానం చేసిన నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు, బియ్యం కడుగు. బిందె చంకన పెట్టుకుని పోతుంటే ఆడవాళ్లు నన్ను చూసి, "మారెక్క చెట్లకు తలంటు పోస్తాంది" అని నవ్వుతున్నారు. నవ్వనీ. వాళ్లలో ఇద్దరు చాటుగా తమ ఇంటి నీళ్లు కూడా తెచ్చి నా గట్టున పెట్టిపోతున్నారు. పేర్లు రాయను.

కుళ్లాయప్పన్న సున్నం బకెట్టు పట్టుకుని నా దగ్గరకొచ్చాడు.

"చూడు మారీ. కాయ నిలబడిందా లేదా?"

"నిలబడింది."

"మరింక ఏమి?"

"రెమ్మ పెరగలేదన్నా."

"రెమ్మను తింటామా?"

ఆ ప్రశ్న మా అన్నది కాదు. మా అన్న నోట్లోంచి మీరు అడిగారు. నీళ్లు తక్కువైనప్పుడు అక్రోటు ముందుగా మానుకునేది పెరగడాన్ని. ఉన్న కాయను ఎలాగో సాకుతుంది. కొత్త రెమ్మకు పెట్టాల్సిన పిడికెడూ కాయకే పెడుతుంది. పైనుంచి చూసేవాడికి అంతా బాగానే కనబడుతుంది. ఇంట్లో తల్లి తినడం మానేసి పిల్లలకు పెడుతుంటే, వచ్చిన చుట్టం పిల్లల బుగ్గలు చూసి ఈ ఇంటికి లోటు లేదనుకుని పోతాడు చూడండి, అలా.

మూడో నమోదు. హస్త కార్తె

కాపు దించాం. పచ్చి తొక్క ఒలిచి ఒలిచి మా అందరి చేతులూ నల్లబడ్డాయి. ఆ నలుపు సబ్బుకు పోదు. చర్మం మారితేనే పోతుంది. 

తూకం నిరుటి కన్నా కొద్దిగా తక్కువ. తాగిన నీళ్లు మాత్రం సగం. కొలగాడికి ఇంతకన్నా ఏం కావాలి? నీటికి గింజ చొప్పున లెక్కేసి, పన్నెండు మెట్లలో మాదే మొదటి స్థానమని ప్రకటించింది. "ఏడో మెట్టు వారికి హృదయపూర్వక అభినందనలు" అంది. తిప్పేస్వామి తలపాగా తీసి దానికి దండం పెట్టాడు.

మీరుండే నీడపట్నం నుంచి పర్యవేక్షకురాలు హిమజగారు శాలువా పట్టుకుని వచ్చారు. చిన్న వయసు, మంచి మనిషి. ఆ మంచితనమే నన్ను చంపుతోంది. చెడ్డదైతే తిట్టి ఊరుకునేదాన్ని.

"మీ పూర్వీకుల జ్ఞానం చాలా గొప్పదండీ కుళ్లాయప్పగారూ," అన్నారు శాలువా కప్పుతూ.

"అంతా పెద్దోళ్ల దయ తల్లీ," అన్నాడు మా అన్న. కళ్లు తుడుచుకున్నాడు. ఆయన కంట్లో నీళ్లు చూసి రెమ్మ సంగతి ఆ రోజుకు పక్కన పెట్టాను. అంతవరకే.

తర్వాత ఆవిడ ఉత్తర్వు చదివారు. వచ్చే వేసవి నుంచి పన్నెండు మెట్ల మీదా బెట్ట తప్పనిసరి. సగం నీటితో సరిపోతుందని ఏడో మెట్టు నిరూపించింది గనక, అందరి వంతూ సగానికి శాశ్వతంగా తగ్గిస్తున్నారు. మిగిలిన నీళ్లు పట్నానికి పోతాయి. చివరి వరుస మీద మాత్రం ఎర్ర గీత పడింది. నీటికి తగ్గ గింజ ఇవ్వలేదట. నా బియ్యం కడుగు కూడా కొలిచింది ఆ తూము యంత్రం.

మా తాతలు గుక్కెడు నీళ్ల కోసం బోర్ల మీద బోర్లు దించి అప్పుల్లో మునిగినప్పుడు ఎవరికీ వాళ్ల జ్ఞానం గుర్తురాలేదు. మా నీళ్లు కోయడానికి పనికొస్తుందని తెలియగానే అది గొప్పదైపోయింది. దానికి శాలువా కప్పారు. మీరు ఆ వార్త చూసి చప్పట్లు కొట్టారు. నిజమా కాదా?

నాలుగో నమోదు. ధనిష్ఠ కార్తె

హిమజగారు తూముకు కొత్త కొలతలు ఎక్కించడానికి వచ్చారు. చలికాలం కదా, చెట్లన్నీ మొండిగా ఉన్నాయి. చలి చలిలా లేదు. పగటిపూట స్వెటరు విప్పేస్తున్నాం. ఆవిణ్ణి బతిమాలి తోటలోకి తీసుకెళ్లాను. బెట్ట చెట్టు నుంచి ఒక రెమ్మ, నా వరుస నుంచి ఒక రెమ్మ కోసి ఆవిడ చేతిలో పెట్టాను.

"ఇది వేలెడు, ఇది మూరెడు. కొసన మొగ్గ చూడండి."

"ఇది సన్నగా ఉంది. ఇది లావుగా, గుండ్రంగా ఉంది."

"ఆ లావు మొగ్గలోనే ఈ ఏటి కాపుంది. అక్రోటు పూవు అప్పటికప్పుడు పుట్టేది కాదమ్మా. నిరుడు వేసవిలో రెమ్మ సాగుతున్నప్పుడు దాని కొసన మొగ్గ కడుతుంది. చలికాలమంతా పడుకుంటుంది. చలి పోయాక అందులోంచి చిగురు బయల్దేరి, ఆ చిగురు చివర ఆడపూవు విచ్చుకుంటుంది. రెమ్మ సాగకపోతే మొగ్గ బలియదు. మొగ్గ బలియకపోతే చిగురు మాత్రమే వస్తుంది, పూవు రాదు. నిరుడు మేం కోసిన కాపు అంతకు ముందు ఏడు తాగిన నీళ్లది. నిరుటి బెట్ట ఫలం ఇప్పుడు చూస్తాం."

ఆవిడ రెండు రెమ్మల కొసలనూ వేలితో తడిమి చూశారు.

"నాకు అర్థమైంది మారెక్కగారూ. నిజంగా అర్థమైంది. కానీ రెమ్మ పొడవుకి మా లెక్కలో గడి లేదండీ. నేను ఎక్కడ రాయను?"

"చేతి మీద రాసుకోండి."

ఆవిడకు కోపం రాలేదు. రెండు రెమ్మలనూ సంచిలో పెట్టుకుని వెళ్లారు. అవి ఏ బల్ల మీదో ఎండి ఉంటాయి.

మిమ్మల్ని ఒకటి అడుగుతాను. మీ ఇంట్లో పాలు తాగే పిల్ల ఉంది. ఈ ఏడు ఇన్ని పాలు తాగింది గనక ఈ ఏడే జీతం తెచ్చిందా అని ఎవరైనా అడిగితే మీరు వాణ్ణి ఇంట్లోకి రానిస్తారా? చెట్టును ఎలా అడిగారు మరి? తెలియక, అంటారు. తెలుసుకోవడానికే ఈ పుటలున్నాయి.

ఐదో నమోదు. అశ్విని కార్తె

పూతకాలం.

బెట్ట చెట్ల మీద మగపూత విరగబడి వచ్చింది. ఆకుపచ్చ తోకల్లా వేలాడుతూ, గాలి వస్తే పుప్పొడి రాలుస్తోంది. ఆడపూవు కోసం కొమ్మ కొమ్మా వెతికాం. పెద్ద నిచ్చెన వేసి పై కొమ్మలు కూడా చూశాం. ఎక్కడో ఒకటి, ఇంకెక్కడో ఒకటి.

"మగపెళ్లోరంతా దిగినారు," అన్నాడు తిప్పేస్వామి కింద నుంచి నిచ్చెన పట్టుకుని. "బాజాలు గూడా వచ్చినాయి. పెండ్లికూతురే లేదు."

చివరి వరుసలో మాత్రం ప్రతి కొసనా జంటలు జంటలుగా ఆడపూలు.

కొలగాడు పంపిన బుల్లి యంత్రాలు, లెక్క తుమ్మెదలు, తోటంతా జుమ్మని తిరిగి పూలు లెక్కపెట్టి పోయాయి. సాయంత్రానికి హెచ్చరిక వచ్చింది. ఈ ఏటి కాపు కనీస తూకానికి చాలా దిగువన ఉండబోతోంది. అదే జరిగితే మెట్టు దించివేత. "సహకారానికి ముందస్తు ధన్యవాదాలు."

ఇప్పుడు మా అన్న ఏం చేశాడో వినండి. అది మా వాళ్లు మాత్రమే చేయగల తప్పు. చీనీకి పూత రాలేదంటే బెట్ట చాలలేదని అర్థం. ఇంకొన్నాళ్లు ఎండగట్టాలి. మా అన్న వెళ్లి తూము పూర్తిగా మూసి, దాని మీద దుప్పటి పరుచుకుని కూర్చున్నాడు.

"ఇంగో రెండు వారాలు ఓర్సుకోండప్పా. పూత తన్నుకుని వస్తాది. నా మాట నమ్మండి."

"అన్నా, చస్తాయన్నా చెట్లు."

"చీనీ సావలేదు గదా మారీ."

"ఇది చీనీ కాదన్నా."

"నువ్వు పుట్టకముందు నుంచి తోటలు చూసినోణ్ణి."

"నువ్వు చూసింది ఫొటోలో చీనీ. మన ముత్తాతల చీనీ. నువ్వు గానీ నేను గానీ ఒక్క చీనీ చెట్టును ముట్టుకున్నోళ్లం కాదు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది అంటారా? కాదు, అనాల్సిందే. ఆయన ముఖం చూశాక కూడా అదే అంటాను.

ఆరో నమోదు. భరణి కార్తె

మా అన్న చివరికి తూము దిగాడు. ఎవరూ దించలేదు. ఒక ఉదయం తానే లేచి బెట్ట చెట్ల మధ్య నడిచాడు. ఒక రెమ్మ అందుకుని గోటితో గీరాడు. బతికున్న రెమ్మను గీరితే బెరడు కింద పచ్చగా ఉంటుంది. అది గోధుమరంగులో ఉంది. ఇంకోటి గీరాడు. ఇంకోటి. ఆ వరుస అయ్యేసరికి ఆయన గోరు చిట్లి రక్తం వస్తోంది. నేను వెళ్లి చెయ్యి పట్టుకున్నాను.

"కిందికి పోతే కొమ్మ బతికే ఉండాదన్నా. కొసలే పోయినాయి. ఇప్పుడు తడి పెడితే మళ్లీ సాగుతాయి."

సాయంత్రం అందర్నీ కాలవ దగ్గరికి పిలిచాడు.

ఆయన చెప్పింది ఇది. ఉన్న నీళ్లు కొన్నే. వాటన్నిటినీ చివరి వరుసకే పెడదాం. దాని మీద పూత నిండుగా ఉంది. ఎండకు కమలకుండా సున్నం పూసి, కంటికి రెప్పలా చూసుకుంటే, ఆ ఒక్క వరుసతోనే కనీస తూకం ఎలాగో అందుకుంటాం. మెట్టు నిలబడుతుంది. ఎవరూ కిందికి దిగనక్కర్లేదు.

తలలూపారు. నా వరుస గెలిచింది. నిరుడు నవ్విన ఆడవాళ్లు నా భుజం తట్టారు. నేను లేచి వద్దన్నాను.

"ఇదేంది మే, గెలిచినా నీకు సాలదా?" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"నీళ్లన్నీ ఒక్క వరుసకు పోస్తే మిగతా తోట ఈ ఏడు కూడా సాగదు. రెండేళ్లు సాగని చెట్టు మూడో ఏడు లేవదు. ఈ ఏడు మెట్టు ఉంటాది. వచ్చే ఏడు తోటే ఉండదు. ఉన్న నీళ్లు అన్ని చెట్లకూ పంచాల. రెమ్మ సాగేది ఈ రెండు నెలలే. ఇప్పుడు తాగితే వచ్చే ఏటికి మొగ్గ కడతాది."

"పంచితే ఈ ఏటి తూకం?"

"అందదు."

"అందకపోతే దించుతారు గదా."

"దించడానికొస్తారు. దిగేది లేదని చెప్దాం."

అందరూ నా వెనక కూర్చున్న తిప్పేస్వామిని చూడకుండా ఉండటానికి తంటాలు పడ్డారు. నేను కూడా.

ఆయనే లేచాడు. "నేను దిగితే సస్తానని అందరికీ తెలుసు. ఎవురూ నోరిప్పి అనడంలే. అంత మర్యాదస్తులు ఎప్పుడైనార్రా మీరు?" అన్నాడు. "నన్ను సూసి నీళ్లు చివరి వరుసకు మళ్లిస్తే, ఈ ఏడు నేనుంటా. వచ్చే ఏడు అందరం దిగుతాం. అందరిలో నేనూ ఉంటా. ఒక్క ఏడు ఎక్కువ బతికేదానికి ఇంత తోటా? నేనేమన్నా అంత ఖరీదు మనిషినా?"

"కాదులే మామా," అన్నారెవరో. నవ్వు పుట్టి సగంలో ఆగిపోయింది.

ఆయన పార ఎత్తలేడు. ఈడ్చుకుంటూ కాలవ దాటి ఎడమగట్టున పడేశాడు. పెద్ద మాటకు కాదని. తర్వాత ఒకరొకరే లేచారు. పారలు ఒకదాని మీద ఒకటి పడుతున్న చప్పుడు.

నేనే వాదించాను. నా పార మాత్రం నా చేతిలోనే ఉండిపోయింది. పట్టు వదల్లేదు వేళ్లు.

"ఏమే," అన్నాడు తిప్పేస్వామి అవతలి గట్టు నుంచి. "ఇంతసేపూ ఉన్నె నోరు యాడికి పాయ? పెట్టు."

పెట్టాను.

కుళ్లాయప్పన్న ఆఖరున లేచాడు. "చీనీ అయింటే ఈపాటికి తోటంతా వాసనొచ్చేది," అన్నాడు తనలో తాను. తర్వాత తన మాటకు తానే కాదని, పార ఎడమగట్టున పెట్టాడు.

మీరు ఎప్పుడైనా అలా పెట్టారా? మీ ఓటును మీరే వెనక్కి తీసుకున్నారా? శాలువా కప్పించుకున్న మనిషి తీసుకున్నాడు. 

ఏడో నమోదు. రోహిణి కార్తె

నీళ్లు పంచుతున్నాం. ఒక్కో చెట్టుకు పలచటి తడి. ఆ తడి ఎండకు ఎగిరిపోకుండా మొదళ్లకు ఎండుగడ్డి, అక్రోటు డిప్పలు కప్పాం. తూము దగ్గర పగలంతా మా అన్నే కాపలా. ఈసారి తెరిచి ఉంచడానికి.

రెమ్మలు కదిలాయి. ఎండిన కొసలకు దిగువ నుంచి కొత్తవి పుట్టి జానెడు సాగాయి. కొన్ని చెట్లు లేవలేదు. వాటిని కొట్టకుండా అలాగే ఉంచాం. వచ్చేవాళ్లు చూడాలి. చివరి వరుస మీద పిందె చాలా రాలిపోయింది. నిరుడు దానికొక్కదానికే పోసిన ఇంటి నీళ్లు ఇప్పుడు అన్ని చెట్లకూ పోతున్నాయి గదా. బిందెతో మోసి బతికించుకున్న చెట్ల కింద పిందెలు తొక్కుకుంటూ నడవడం ఎలా ఉంటుందో మీకు చెప్పను.

పిందె లెక్క చూసి, కోత దాకా ఆగకుండానే దించివేత నోటీసు పంపారు. మృగశిరలో బళ్లు వస్తాయట. ఒక్కో ఇంటికి ఒక పెట్టె తెచ్చుకోవచ్చట. తిప్పేస్వామి దాన్ని చదివి, "పెట్టెలో నన్ను మడిచి పెడతావా, నడిపిస్తావా?" అన్నాడు. ఆయనకు ఈ మధ్య కాళ్లు వాస్తున్నాయి. చల్లటి నేల మీద కాళ్లు చాపుకుని నా వరుసలో కూర్చుంటాడు, ఎంత సాగిందో మూరతో కొలిచి నాకు కేకేస్తాడు.

మీరనబోయేది నాకు తెలుసు. "మంచే లేదు, నీళ్లెక్కడివి? మేం మాత్రం ఏం చేస్తాం?" నీళ్లు తక్కువే. ఎండ ఎక్కువే. ఆ రెంటినీ మేం ఒప్పుకున్నాం. ఒప్పుకుని, ఉన్న తడిలో తోట ఎలా బతుకుతుందో కనుక్కున్నాం. అందుకు ఒక ఏడు కాపు వదులుకోవాలి. మా వైపు నుంచి వదులుకున్నాం. మీ వైపు నుంచి వదులుకోవాల్సింది ఒక నియమం. సాయంత్రాలు మీ పట్నం మీద కప్పిన గోపురం కింద పిల్లల ఆటకు మబ్బు కురిపిస్తారు గదా, ఆ నీళ్లు మా కాలవలోంచి వచ్చినవే. చల్లటి పట్నంలో కూర్చుని నీళ్లు లేవనడానికి నోరెలా వస్తుంది?

ఇంకో మాట. మా చేత చేయించిన తప్పును మిగతా పదకొండు మెట్ల మీద ఇప్పుడు మీరు చట్టంగా చేయిస్తున్నారు. అక్కడ ఈ ఏడు కాపు బాగుంటుంది. మళ్లీ శాలువాలు కప్పుతారు. వచ్చే ఏడు మగపూత తోకలు చూసుకుంటారు. అప్పుడు ఎవరిని దించుతారు? పన్నెండు మెట్లూ దించేశాక మీకు నూనె ఎవడు తీస్తాడు?

ఏడో మెట్టు నలభై ఇళ్లూ కూర్చుని రాయించిన కోరికలు ఇవి. నా భాషలో కోపం ఎక్కువైందని, వీటిని మామూలు మాటల్లో రాయమన్నారు. రాస్తున్నాను.

1. ఏడాది లెక్క రద్దు చేయాలి. చెట్టుకిచ్చిన నీటికి వరసగా రెండేళ్ల కాపు చూశాకే లెక్క కట్టాలి.

2. రెమ్మ పొడవుకు లెక్కలో గడి పెట్టాలి.

3. మిగతా పదకొండు మెట్ల మీద బెట్ట ఈ కార్తెలోనే ఆపించాలి. ఆ ఉత్తర్వులోంచి మా పెద్దల పేరు తీసేయాలి.

4. కృత్తిక నుంచి ఆరుద్ర దాకా, రెమ్మ సాగే కాలంలో, పట్నంలో మబ్బు కురిపించడం మాని ఆ నీళ్లు మెట్లకు వదలాలి.

5. పలకల పొలాల్లో ఎండ ముదిరిన వేళ పని ఆపాలి. అక్కడ ఒళ్లు చెడినవాళ్లకు కొండ మీద చోటివ్వాలి.

6. దించివేత నోటీసు వెనక్కి తీసుకోవాలి. తిప్పేస్వామితో సహా నలభై ఇళ్లూ ఇక్కడే ఉంటాయి.

7. ఈ ఏడు మమ్మల్ని గింజ అడగకూడదు.